ఒలందా వకీలు

కావలి మునసబు కోర్టు వెనక
పెంకుల వరండాలో మా బల్ల.
బల్లకి మూడు కాళ్లు.
నాలుగోది, కొట్టేసిన దావాల కట్టలు.

తూపిలి పెంచలరత్నం గారు ప్లీడరు,
నేను గుమాస్తా మస్తానయ్యని.
ముప్పై ఒక్క ఏళ్లు ఆయన నోటిమాటకి
నా చేతిరాత కాపలా.

నెల్లూరు ట్రంకు రోడ్డులో, అట్ట ఊడిన పుస్తకమొకటి
ముప్పావలాకి కొన్నాడు.
ఒలందా దేశపు మంత్రి కథ, నూరేళ్ల నాటిది.
ఆ పేరుకి నా నోరు తిరగలేదు.
"ఆయనా వకీలే మస్తానూ, మనలాగే.
సముద్రం కంటే పల్లంలో ఉండే దేశం.
గెనిమ తెగితే గొడ్డూ గోదా, కచేరీ కాయితాలూ
అన్నీ ఉప్పునీళ్ల పాలు.
ఆడ చట్టం రాయాలంటే
మట్టి మోసినోడి భుజం తెలిసుండాల."
కారందోశ చల్లారిపోయింది, ఆయనకి పట్టలేదు.
"మూడు మాట్లు మంత్రి. మూడు మాట్లూ దిగిపోయి
తెల్లారేసరికి కోర్టులో ఉన్నాడంట.
దిగడం కూడా ఒక పదవే, తెలుసునా?"

నవ్వినా నేను.
అప్పటికి మేం
దిగడానికి ఎక్కిందేదీ లేదు.

ఇసకపల్లి ఉప్పుకయ్యల కేసు ఓడిన ఏడే
ఎలక్షన్లో నిలబడినాడు.
కొఠార్ల ఆడోళ్లు బారులు తీరినారు.
సిరా పూసే అయ్యోరు వాళ్ల వేళ్లు చూసి జంకినాడు.
ఉప్పు తినేసిన వేలికి
సిరా కూడా మండుద్ది.

పదకొండు నెలలు మంత్రి.
హైదరాబాదు నుంచి నాకు ఉత్తరం ముక్కలు:
నల్లకోటులో కలరా ఉండలు మార్చు.
అమావాస్యకోసారి ఎండలో వెయ్యి.
మంత్రికి కోటెందుకని మా ఇంట్లోది నవ్వేది.
నేను మాత్రం ఆరేసేవాణ్ణి.

బిల్లు పెట్టింది ఒక్కటే. ముప్పై రెండు క్లాజులు.
పార పట్టిన చేతికే కయ్య మీద కౌలుహక్కు, అది ఏడోది.
సభ అంతా మెచ్చుకుందంట.
మెచ్చుకొనే, తీసుకుపోయి కమిటీలో పెట్టినారు.
తిరిగొచ్చేసరికి ఏడోది లేదు.
ఎనిమిదిని ఏడుగా దిద్ది
ఖాళీ కూడా కనపడకుండా చేసినారు.

ఆదివారం రాత్రి రైలు దిగినాడు.
చేతిలో గుడ్డసంచీ, అందులో ఆ అట్టలేని పుస్తకం.
నేనేమీ అడగలా. ఆయనా చెప్పలా.
కోటు ఉతికించావా అన్నాడు, అంతే.

సోమవారం మొదటి పిలుపు మాదే.
పామంజి పోలమ్మ వాది, కొఠారు కాంట్రాక్టరు ప్రతివాది.
మునసబు గారు కళ్లద్దాలు సర్దుకొని
"ఏ సెక్షను కిందండీ?" అన్నారు.
"నేను రాయించలేకపోయిన సెక్షను కింద, తమకి మనవి."
జవాను బెత్తం పట్టిన చెయ్యి అట్నే ఆగిపోయింది.
ఎవురూ దగ్గలేదు.

ఆ తరవాత రెండు గంటలు వాడుక గురించి చెప్పినాడు.
ఆమె అమ్మ గీరిన కయ్య, అమ్మమ్మ తొక్కిన కయ్య,
రాతకంటే ముందున్న అరికాలి గుర్తు.
గెలుస్తామని నాకు అనిపించలా.
తీర్పు వాయిదా పడింది, ఉప్పు పండే నెలకి.

వరండాలో పోలమ్మ బస్తా దించింది.
చెమ్మకి బల్ల నాలుగో కాలు తడిసి
రవంత కుంగింది.
పద్దు పుస్తకం తీసి రాసినా:
వకాల్తా ఫీజు, ఉప్పు, బస్తా ఒకటి. ముట్టింది.

ఆయన కలం అందుకొని సంతకం పెట్టి,
అలవాటు కొద్దీ కింద హోదా రాయబోయి,
'మ' కాడ ఆగినాడు.
దాన్ని కొట్టేసి
వకీలు అని రాసినాడు,
బళ్లో కొత్తగా అక్షరాలు దిద్దే పిల్లోడి మాదిరి, నిదానంగా.

లోపల తరవాతి కేసు పిలిచినారు.
గొర్రెలదొడ్డి తగూ.
కోటు దులుపుకొని లేచినాడు.